ఇస్ఫహాన్ ఖాజూ వంతెన: మెట్ల దగ్గర రాతిలో ఉన్న ఆ గాడి దేనికి?

#1 | మూసీగట్టు

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ విభాగంలో చదువుతూనే ఉన్నాను, పోస్టు పెట్టడం మాత్రం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

నేను మస్కట్‌లో పనిచేస్తాను. మా ఆఫీసులో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. అతని పెళ్లికి పిలిస్తే మొదటిసారి ఆ ఊరు వెళ్లాను. మూడేళ్ల తర్వాత వాళ్ల పాపను చూడ్డానికి మళ్లీ వెళ్లాను. రెండుసార్లూ సాయంత్రాలు ఖాజూ వంతెన దగ్గరే గడిచాయి. మొదటిసారి జాయందే రూద్ నదిలో నీళ్లున్నాయి. రెండోసారి చుక్క లేదు. నది మధ్యలో పిల్లలు బంతాట ఆడుతున్నారు.

వంతెన 1650 ప్రాంతంలో రెండో షా అబ్బాస్ అనే ఇరాన్ రాజు కట్టించినది. పొడవు 133 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు, కమానులు 23. పైన బండ్లు, గుర్రాలు పోయేందుకు దారి, దానికి రెండు పక్కలా కమానుల వరస. కింద నీటి మట్టానికి దగ్గరగా ఇంకో అంతస్తు, అక్కడ మనుషులు కూర్చుంటారు. పైనుంచి చూస్తే అంతా ఇటుకే. కిందికి దిగితే రాయి.

నీళ్లు లేవు కాబట్టి రెండోసారి కమానుల కిందికి దిగి నడిచాను. నీళ్లు పారే సందుల్లో, రెండు వైపులా రాతిలో నిలువుగా గాడి చెక్కి ఉంది. నా నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే సరిగ్గా పట్టేంత వెడల్పు. లోపలి అంచు చెయ్యి పెడితే జారేంత నునుపు. పక్కనున్న రాయి మాత్రం గరుకు. ఫొటోలు కింద పెట్టాను. దీన్ని దేనికి చెక్కారు? పెళ్లికొడుకుని అడిగితే తనకీ తెలియదన్నాడు.

#2 | కృష్ణలంక

స్వాగతం అన్నా. సందేహమే లేదు, అది తలుపుల గాడి. మా ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయి. పైన రోడ్డు, కింద నీళ్లు ఆపడం. మీరు చెప్పే వంతెన కూడా అదే పని చేసి ఉంటుంది. రోడ్డూ అదే, ఆనకట్టా అదే. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన ఈఈ సార్ వస్తే వివరంగా చెబుతారు.

#3 | రిటైర్డ్_ఈఈ_ధవళేశ్వరం

కృష్ణలంక బాబు చెప్పింది నిజమే. కొంచెం విడమరచి చెబుతాను.

దాన్ని మేము పలకల గాడి అనేవాళ్లం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డెల్టా కాలువల మీద చిన్న చిన్న రెగ్యులేటర్లకు ఇనుప షట్టర్లు ఉండేవి కావు. చెక్క పలకలే. లస్కర్లు (కాలువ పనివాళ్లు) ఇద్దరు పైన నిలబడి ఒక్కో పలకను గాడిలోకి దింపేవాళ్లు. ఒకదాని మీద ఒకటి కూర్చునేది. ఎంత మట్టం కావాలో అన్ని పలకలు. పైరు కోతకొచ్చాక మళ్లీ ఒక్కొక్కటే పైకి లాగేవాళ్లు. నానిన పలక గాడి గోడను రాసుకుంటూ దిగి దిగి, కొన్నేళ్లకు రాయి అరిగి నున్నగా అవుతుంది. బాబూ, నీ చేతికి తగిలిన నునుపు అదే అయి ఉండాలి.

ఖాజూలో కూడా సందులకు పలకలు వేసి నది మట్టం పెంచేవాళ్లు. ఎగువన నది చెరువులా నిలిచేది. రెండు గట్ల మీదా రాజుగారి తోటలు ఉండేవి, వాటికి నీళ్లు అందేవి. ఒక కట్టడం, రెండు పనులు.

ఎగువ వైపు పియర్లు, అంటే స్తంభాలు, ఎలా ఉన్నాయో గమనించావా? పడవ ముక్కులా మొన తేలి ఉంటాయి. ప్రవాహాన్ని చీలుస్తాయి. దిగువ వైపు మొన లేదు, మెట్లు ఉన్నాయి. ఆ మెట్లు కూర్చోవడానికి మాత్రమే అనుకుంటారు. పైనుంచి దూకే నీటి ఊపు మెట్టు మెట్టుకీ చస్తుంది. లేకపోతే ఆ నీరు పునాది ముందున్న మట్టిని తవ్వేస్తుంది. మేము బ్యారేజీల కింద కాంక్రీటు ఏప్రాన్ (నీళ్లు పడే చోట గట్టి నేల) వేసి, దాని తర్వాత రాళ్లు పేర్చేది ఇందుకే. ఆ కాలపు మేస్త్రి ఏప్రాన్‌ను మెట్లుగా మలిచాడు, జనం వచ్చి కూర్చున్నారు. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది.

#4 | ఆర్క్_మూడో_సంవత్సరం

సార్, నమస్కారం. బి.ఆర్క్ చదువుతున్నాను. మాకు హిస్టరీ పేపర్లో ఈ వంతెన ఉంది. 33 కమానులు కదా? మూసీగట్టు గారు 23 అని రాశారు.

ఇంకో విషయం. మధ్యలో రెండు పక్కలా నది మీదికి పొడుచుకొచ్చిన మంటపాలు ఉంటాయి, ఎనిమిది మూలల గది సగానికి కోసినట్టు. అక్కడ షా కూర్చుని నదిని చూసేవాడట. అంటే వంతెన మధ్యలో ఆగడానికి చోటు కావాలనే డిజైన్ చేశారు. మా సార్ క్లాసులో ఒకటే మాట అడిగారు, మన ఊళ్లలో ఏ వంతెన మీదైనా ఆగడానికి చోటుందా అని. క్లాసంతా మౌనం.

#5 | చరిత్ర_టీచరు

అమ్మా ఆర్క్, నువ్వు రెండు వంతెనలను కలిపేశావు. పరీక్షలో ఈ పొరపాటు చెయ్యకు.

33 కమానులది సీ-ఓ-సే పోల్. ఆ పేరుకు అర్థమే ‘ముప్పై మూడు వంతెన’. అది ఖాజూకి ఎగువన ఉంది, యాభై ఏళ్లు పెద్దది కూడా. మొదటి షా అబ్బాస్ 1598లో రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చాడు. మరుసటి ఏడాది పని మొదలై 1602లో పూర్తయింది. దగ్గరుండి కట్టించింది ఆయన సేనాని అల్లావర్దీ ఖాన్. ఆయన పుట్టుకతో జార్జియా వాడు. అందుకే అల్లావర్దీ ఖాన్ వంతెన అని కూడా అంటారు. పొడవు 298 మీటర్లు. ఉత్తరాన చహార్ బాగ్ అనే పెద్ద చెట్ల బాట సూటిగా వచ్చి ఈ వంతెన మీదికి ఎక్కుతుంది. దాటితే దక్షిణ గట్టున కొత్త జుల్ఫా, షా తీసుకొచ్చి స్థిరపరచిన ఆర్మీనియన్ల పేట.

ఖాజూ అంత పొడవుండదు. కానీ కట్టడంలో దానికన్నా చిక్కనిది. సీ-ఓ-సే పోల్ ఒకే లయలో సాగిపోతుంది. ఖాజూలో మధ్య మంటపం దగ్గర లయ ఆగి, మళ్లీ మొదలవుతుంది. కమానుల పైన మూలల్లో రంగు టైల్స్ పని కూడా ఉంది. నన్నడిగితే ఖాజూకే ఓటు.

#6 | మూసీగట్టు

ఈఈ సార్, చేతులెత్తి మొక్కాలి. ‘నానిన పలక’ అనగానే గాడి ఎందుకు నున్నగా ఉందో కళ్ల ముందు కనబడింది. మేడమ్ గారికీ ధన్యవాదాలు.

ఆర్క్ చెల్లీ, ఆగడానికి చోటు అన్నావు కదా. అక్కడ జనం వంతెన దాటడానికి వస్తున్నట్టే ఉండరు. ఇప్పుడు దాని మీద వాహనాలు లేవు, నడకే. కింది అంతస్తులో చీకటి పడ్డాక మగవాళ్లు గుండ్రంగా చేరి పాడతారు. మైకు లేదు, వాయిద్యం లేదు. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, చెవి మీద చెయ్యి పెట్టుకుని ఎత్తుకున్నాడు. పైకప్పు ఇటుక గుమ్మటంలా వంగి ఉంటుంది. గొంతు పైకి వెళ్లి అందరి మీదా పరుచుకున్నట్టు దిగింది. పక్క కమానులో నిలబడ్డ నాకు ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

ఇంకొకటి. రాత్రి దీపాలు వేశాక, కింది అంతస్తులో ఒక చివర నిలబడి కమానుల వరస గుండా చూస్తే అవతలి వెలుగు కొవ్వొత్తి ఆకారంలో కనిపిస్తుంది. కింద స్తంభాల మధ్య సన్నని సందు కొవ్వొత్తి ఒళ్లు, పైన మొన తేలిన కమాను మంట. మా వాడే చూపించాడు.

#7 | తాపీమేస్త్రి_కొడుకు

అన్నా, నేను కొంచెం ఇటుక సంగతి అడుగుతా. సైజు ఎంతుంది? మన ఇటుకలా పొడుగ్గా ఉందా?

#8 | మూసీగట్టు

లేదు తమ్ముడూ, చదరంగా ఉంది. నా జాన అటూ ఇటూ పెట్టి చూశా, కాస్త తక్కువ. మందం మాత్రం రెండు మూడు వేళ్లే. పెంకులా పలచగా. మధ్యలో మరమ్మతు చేసిన ఇటుక కూడా ఉండొచ్చు, రంగు అక్కడక్కడా తేడాగా ఉంది.

#9 | బట్టీ_నాగేశ్వరి

ఇటుక అనగానే ఆగలేక వచ్చాను. మాది మూడు తరాల బట్టీ.

పలచని ఇటుక చేయడం ఎందుకంటే లోపలిదాకా కాలుతుంది. మందం పెరిగేకొద్దీ పైన ఎర్రగా, లోపల పచ్చిగా మిగిలిపోతుంది. విరగ్గొడితే నడిమధ్య నల్లటి గీత కనబడుతుంది. అలాంటి ఇటుక నీళ్ల దగ్గర పెడితే రెండు వానలకు పిండి రాలుతుంది. మా తాతయ్య రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టేవాడు. ఖంగుమంటే గట్టిది, డబ్‌మంటే పక్కన పడేసేది. మన పాత కోటల్లో, గుళ్లలో కూడా పలక ఇటుకలే చూశాను. వంతెనకు వాడాలంటే ఖంగుమనేది తప్ప వేరేది పనికిరాదు.

కర్రలు దొరకని చోట ఇటుక కాల్చడానికి ఏం వాడారో తెలుసుకోవాలని ఉంది. ఇరాన్ పీఠభూమి అంతా ఎండు నేలే కదా.

#10 | తాపీమేస్త్రి_కొడుకు

నాగేశ్వరి అక్కా, ఆ ఎండు నేల మాటలోనే నేను చెప్పాలనుకున్నది ఉంది. మా నాన్న కమాను కట్టాలంటే ముందు కింద కర్రలతో సెంట్రింగ్ చేయించేవాడు. పైన ఇటుక పేర్చి, సున్నం ఆరాక సెంట్రింగ్ తీసేది. ఇరాన్‌లో కర్ర కరువు. అందుకే అక్కడి మేస్త్రీలు జిప్సం గచ్చుతో ఇటుకను ఒరగబెట్టి అతికించుకుంటూ పోయేవాళ్లు. జిప్సం నిమిషాల్లో బిగుస్తుంది. వెనక వరస మీద ముందు వరస ఆనుకుని నిలబడుతుంది. ఇళ్ల కప్పులు, బజార్ల కప్పులు సెంట్రింగ్ లేకుండానే వేసేవాళ్లట. అయితే జిప్సం నీళ్లలో నిలవదు. నది వంతెన కింది భాగంలో అది పనికిరాదు.

అక్కడ సారూజ్ అని వేరే గచ్చు వాడతారు. సున్నం, బంకమట్టి, బూడిద కలిపి బాగా తొక్కి చేసేది. తడిలోనే గట్టిపడుతుంది. మన గానుగ సున్నం లాంటిదే అనుకోండి. మా నాన్న గానుగలో సున్నం, ఇసుక తిప్పి తిప్పి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి వాడిన రోజులు చెబుతాడు. ఎద్దు ఆగితే మేస్త్రి తిట్టేవాడట, తిప్పడం తక్కువైతే సున్నం నోట్లో పెట్టుకుని చూస్తే తెలిసిపోతుందని.

#11 | బిల్డర్_రాజమండ్రి

అందరూ పాతదాన్ని మెచ్చుకుంటున్నారు, మంచిదే. నాకు ఒక ప్రశ్న ఉంది, వాదన కోసం కాదు. 298 మీటర్ల నదికి 33 కమానులు పెట్టాల్సి వచ్చింది అంటే ఇటుకకు అంతకు మించి సత్తా లేదనే కదా? ఈ రోజు కాంక్రీటుతో ఆ నదిని ఏడెనిమిది స్పాన్లలో దాటేయొచ్చు. నది మధ్యలో అన్ని స్తంభాలు పెడితే వరద ఎటు పోవాలి?

#12 | రిటైర్డ్_ఈఈ_ధవళేశ్వరం

మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం.

సీ-ఓ-సే పోల్‌లో పెద్ద కమాను సుమారు 5.6 మీటర్లు. 33 కమానులకు 185 మీటర్లు అనుకో. మిగతా 113 మీటర్లూ స్తంభాలే. అంటే ఒక్కో స్తంభం మూడుంబావు మీటర్లకు పైగా మందం. నది వెడల్పులో మూడో వంతుకు మించి రాయే. నేటి ఇంజనీరు ఎవరూ దీనికి సంతకం పెట్టరు, ఆ మాట ఒప్పుకుంటాను.

కానీ ఇటుక స్వభావం చూడాలి. ఇటుకను నొక్కితే మోస్తుంది, లాగితే తెగుతుంది. కమానులో లాగుడు ఉండదు. పై బరువు ప్రతి ఇటుకనూ పక్క ఇటుక మీదికి నొక్కుతుంది. చివరికి ఆ నెట్టుడు స్తంభం దగ్గరికి చేరుతుంది. అటు పక్క కమాను కూడా అంతే బలంగా ఇటు నెడుతుంది. రెండూ సరిపోతాయి. మొన తేలిన కమాను అయితే పక్కకు నెట్టే బలం ఇంకా కొంచెం తక్కువ, బరువు కిందికి ఎక్కువగా దిగుతుంది.

మరి స్తంభం సన్నగా ఉండొచ్చు కదా అంటావు. ఉండొచ్చు, అన్ని కమానులూ నిలబడి ఉన్నంతకాలం. వరదలో ఒకటి పోయిందనుకో. దాని పక్క స్తంభానికి ఒక వైపు నెట్టుడు మిగిలింది, రెండో వైపు ఏమీ లేదు. సన్నని స్తంభమైతే పడిపోతుంది, దాని వెంట తర్వాతది, పేక ముక్కల్లా మొత్తం. లావు స్తంభమైతే ఒంటరిగా తట్టుకుంటుంది. పోయిన కమానునే మళ్లీ కట్టుకోవచ్చు. ఇన్నేళ్లలో ఆ వంతెనలు ఎన్నోసార్లు మరమ్మతులు చేయించుకుని నిలబడ్డాయంటే కారణం అదే.

ఇంకో మాట. ఆ నది గోదావరి కాదు. జాగ్రోస్ కొండల్లో మంచు కరిగి వచ్చే నీరు. సుమారు 400 కిలోమీటర్లు పారి, సముద్రం చేరకుండానే గావ్‌ఖూనీ అనే చిత్తడి నేలలో ఇంకిపోతుంది. మన గోదావరి మీద మూడో వంతు రాయి పెడితే మొదటి ఆగస్టుకే సమాధానం చెబుతుంది.

#13 | బిల్డర్_రాజమండ్రి

సార్, ఒంటరిగా తట్టుకోవడం అన్నది నేను ఆలోచించలేదు. ఈ పాయింటు మా సైట్ ఇంజనీర్లకు చూపిస్తాను.

#14 | పురానాపూల్_వాసి

ఇంతసేపూ మా వంతెన పేరు ఎవరూ ఎత్తలేదేంటి? 22 కమానులు, రాతి కట్టడం, 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించాడు. హైదరాబాద్‌ను ఇస్ఫహాన్ చూసి కట్టారని మా నాన్న చెప్పేవారు. అలాంటప్పుడు మా పురానాపూల్ కూడా ఆ వంతెనలు చూసి కట్టిందేనా?

#15 | చరిత్ర_టీచరు

ఈ మాట చాలామంది నోట విన్నాను. దయచేసి తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.

పురానాపూల్ 1578. చార్మినార్, హైదరాబాద్ నగరం 1591. ఇస్ఫహాన్ రాజధాని అయింది 1598లో. సీ-ఓ-సే పోల్ 1602లో, ఖాజూ 1650 ప్రాంతంలో. మన వంతెన పూర్తయ్యేనాటికి అల్లావర్దీ ఖాన్ వంతెనకు పునాదే లేదు. మనం వాళ్ల వంతెన చూసి కట్టే అవకాశమే లేదు.

ఇరాన్‌తో సంబంధం మాత్రం నిజమే. నగరానికి ప్లాను వేశారని చెప్పే మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. కుతుబ్ షాహీల కొలువులో పార్సీ భాష నడిచింది. రెండు చోట్లా మొన తేలిన కమాను కనబడటానికి కారణం ఆ ఉమ్మడి వారసత్వం. నకలు కాదు.

టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇస్ఫహాన్ మీదుగానూ తిరిగాడు, గోల్కొండకూ వచ్చాడు. మూసీ మీది వంతెన పారిస్‌లోని పోఁ నెఫ్‌కు అందంలో దాదాపు తీసిపోదని రాశాడు. ఆ పారిస్ వంతెన పని మొదలైన సంవత్సరం ఏదో తెలుసా? 1578. ఇది చదివిన రోజు నేను స్టాఫ్ రూములో లేచి నిలబడి మరీ అందరికీ చెప్పాను.

#16 | పురానాపూల్_వాసి

మేడమ్, ఒళ్లు పులకరించింది. మా నాన్నగారు లేరు, ఉంటే ఇప్పుడే ఫోన్ చేసేవాణ్ని.

1908 సెప్టెంబరు 28 వరద గురించి మా ఇంట్లో తరాలుగా చెప్పుకుంటారు. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. దెబ్బతిని కూడా నిలిచింది పురానాపూల్. అంతకుముందు 1820లో సికిందర్ జా దాన్ని బాగు చేయించాడు. ఈఈ సార్ చెప్పిన లావు స్తంభాల మాట మా వంతెనకూ వర్తిస్తుందా?

ఇప్పుడు బండ్లన్నీ పక్క కొత్త వంతెన మీద పోతున్నాయి. పాతదాని మీద కూరగాయల అంగడి. ఆర్క్ చెల్లీ, వంతెన మీద ఆగే చోటు అడిగావు కదా. మా దగ్గరికి రా. పొద్దున్నే కొత్తిమీర కట్టలు కమాను నడినెత్తి మీద పరిచి అమ్ముతుంటారు.

#17 | రిటైర్డ్_ఈఈ_ధవళేశ్వరం

వర్తిస్తుంది నాయనా. 22 కమానులు, సుమారు 600 అడుగులు. స్తంభాలు కళ్లతో చూసినా తెలుస్తుంది, బాగా లావు. అయితే రాతి వంతెనకు ఇంకో లాభం ఉంది, బరువు. వరద వంతెనను పైకెత్తాలని చూస్తుంది, పక్కకు తోయాలని చూస్తుంది. బరువే దాన్ని కూర్చోబెడుతుంది. ఇటుక రాయికన్నా తేలిక. అందుకే ఇస్ఫహాన్ వాళ్లు నీళ్లు తగిలే భాగమంతా రాయి పెట్టి, పైకి వెళ్లాక ఇటుక వాడారు. ఎక్కడ ఏది కావాలో అక్కడ అది.

#18 | ఆర్క్_మూడో_సంవత్సరం

పురానాపూల్ అన్నా, ఆదివారం వస్తున్నాను. స్కెచ్ బుక్ తెచ్చుకుంటా.

మూసీగట్టు అన్నా, మీరు రెండోసారి నది ఎండిపోయిందన్నారు. నీళ్లు లేకపోతే వంతెనకు లాభమే కదా? తడి లేదు, కోత లేదు.

#19 | తాపీమేస్త్రి_కొడుకు

చెల్లీ, అదే తప్పు. ఇటుకకు చేటు తడి ఉండటం కాదు, తడి పోయే దారి మూయడం. మా ఊరి అనుభవం ఒకటి చెబుతాను, ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు.

మా ఊరి పంట కాలువ మీద మూడు కమానుల ఇటుక వంతెన ఉండేది. సున్నం గచ్చు. ఎప్పుడూ కింద తడి, పైన చల్లదనం. పగుళ్లు కనిపించాయని ఒక ఏడు కాంట్రాక్టరు వచ్చి మొత్తం సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, తెల్ల రంగు వేశాడు. ఊరంతా మెచ్చుకుంది. మా నాన్న మాత్రం గట్టు మీద కూర్చుని ‘దానికి ఊపిరి ఆడదురా’ అన్నాడు. మూడో వేసవికి ప్లాస్టరు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఊడిన పెచ్చుతో పాటు ఇటుక ముఖం కూడా వచ్చేసింది. ఇటుక లోపలి తడి సున్నంలోంచి బయటికి పోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడితో పాటు వచ్చే ఉప్పు సిమెంటు వెనకాలే గడ్డకట్టి ఇటుకను పగలగొట్టింది. నేను చేతిలోకి తీసుకున్న ముక్క బిస్కెట్టులా నలిగిపోయింది. నాగేశ్వరి అక్క తాతయ్య ఖంగుమనిపించి ఏరిన ఇటుకే అయినా సిమెంటు వెనకాల బతకదు.

ఆ వంతెనను తర్వాత కూల్చి పైపులు వేశారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

#20 | రిటైర్డ్_ఈఈ_ధవళేశ్వరం

తమ్ముడు పై భాగం సంగతి చెప్పాడు. నేను పునాది సంగతి చెబుతాను.

నాలుగు వందల ఏళ్లు ఆ నేల తడిలోనే ఉంది. బంకమట్టి తడిగా ఉంటే ఉబ్బి ఉంటుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. మీ పొలంలో మే నెలలో చూసే బీటలే. ఆ నేల మీద కూర్చున్న స్తంభం ఒక చోట రవ్వంత దిగితే, పైన కమాను పగులుతుంది. సారూజ్ గచ్చు కూడా తడిని నమ్ముకుని చేసినదే. జాయందే రూద్ ఎండటం మొదలై ఇరవై ఏళ్లు దాటింది. కరువు ఒక కారణం, ఎగువన పొలాలకు, ఫ్యాక్టరీలకు, పక్క యజ్ద్ నగరానికి నీళ్లు తరలించడం ఇంకో కారణం. అప్పుడప్పుడు కొన్ని వారాలు నీళ్లు వదులుతారు, మళ్లీ ఆపుతారు. నన్నడిగితే ఎప్పుడూ ఎండి ఉండటం కన్నా ఈ తడవడం, ఎండటం, మళ్లీ తడవడమే పునాదికి ఎక్కువ చెరుపు. సీ-ఓ-సే పోల్ గురించి అక్కడి నిపుణులు ఆందోళన చెబుతున్నది అందుకే.

#21 | కృష్ణలంక

2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి మా బ్యారేజీకి గుద్దుకున్నప్పుడు మేమంతా ఒడ్డున నిలబడి చూశాం. నీళ్లు ఎక్కువై వంతెనకు ఏమవుతుందోనని టెన్షన్ పడ్డాం. నీళ్లు లేక వంతెన పాడవుతుందని ఈ రోజే తెలిసింది.

#22 | మూసీగట్టు

రెండోసారి నేను చూసిన ఖాజూ గుర్తొస్తోంది. జాయందే రూద్ అంటే ప్రాణం పోసే నది అని అర్థం. 2021 నవంబరులో రైతులు వేలమంది వచ్చి ఈ వంతెన దగ్గరే ఎండిన నదిలో బైఠాయించారు, నీళ్లు వదలమని. నేను వెళ్లినప్పుడు అంత హడావిడి లేదు. కానీ కమానుల కింద పాట మాత్రం ఆగలేదు. నీళ్లు ఉన్నప్పటి పాటకూ, లేనప్పటి పాటకూ ధ్వని తేడాగా ఉంది. కింద నీటి హోరు లేదు కాబట్టి గొంతు మరీ స్పష్టంగా వినిపించింది. అది నాకు నచ్చలేదు. హోరు మీద పాడిన పాటే బాగుంది.

#23 | బట్టీ_నాగేశ్వరి

ఈ మాట చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

#24 | తాపీమేస్త్రి_కొడుకు

అన్నా, మీరు పెట్టిన ఫొటోలు మా నాన్నకు చూపించాను. ఆయనకు 78. చూపు తగ్గింది, ఫోన్ దగ్గరగా పెట్టుకుని వేలితో పెద్దది చేసి చూశాడు. ఇస్ఫహాన్ ఎక్కడో, షా ఎవరో ఏమీ అడగలేదు. కమాను ఇటుక వరసలు లెక్కపెట్టాడు. ‘మూల దగ్గర ఇటుక చెక్కి పెట్టాడు, విరగ్గొట్టి పెట్టలేదు’ అన్నాడు. తర్వాత మెట్ల ఫొటో దగ్గర ఆగి, ‘నీళ్ల చార ఎన్నో మెట్టు దాకా ఉందో అడుగు’ అన్నాడు. ఎందుకని అడిగితే, అక్కడిదాకే తడి పని చేసి ఉంటాడు, దానిపైన పొడి పని అన్నాడు.

#25 | మూసీగట్టు

తమ్ముడూ, ఇప్పుడే మొదటి ప్రయాణం ఫొటోలు, రెండో ప్రయాణం ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాను. నీళ్లున్న ఫొటోలో కింది మెట్లు మునిగి ఉన్నాయి, ఒక ముసలమ్మ ఆ పై మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంది. ఎండిన ఫొటోలో అదే చోట నల్లటి చార ఉంది, కింది నుంచి మూడో మెట్టు దాకా. చారకు పైనున్న రాయి తెల్లగా ఉంది. అక్కడినుంచి రెండు వరసల రాయి, ఆ పైన ఇటుక మొదలవుతోంది.

నాన్నగారికి మూడో మెట్టు అని చెప్పు. రెండు ఫొటోలూ పెద్ద సైజులో పంపుతున్నాను.